సామ్యేలు తెచ్చిన మట్టలు

మా ఆయన సామ్యేలుకు గుడిలో ఉన్నది ఒకే ఒక్క పని, మట్టల ఆదివారానికి ఈత మట్టలు తేవడం. ఆ రోజు పిల్లా పెద్దా హోసన్నా అంటూ మట్టలు ఊపుకుంటూ గుడి చుట్టూ తిరుగుతాం. గంటసేపు జరిగే ఆ ముచ్చట కోసం ఏడాదంతా ఎదురుచూసే మనిషి ఆయన.

వేరే పనులు ఇవ్వలేదని కాదు. అన్నీ ఇచ్చి చూశారు. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి కదా, గుడి గంట కొట్టమంటే రెండే రెండు దెబ్బలు కొట్టి, ఇక బండి కదలొచ్చన్నట్టు లోపలికి వచ్చేశారు. కానుకల సంచి పట్టమంటే, ఏమీ వేయనివాళ్ళ ఎదురుగా వేసేదాకా కదలకుండా నిలబడ్డారు. పాటల గుంపులో చేర్చుకుంటే, ఆయన గొంతు ముందు మిగతా పన్నెండు మందీ ఊరికే నోళ్ళు తెరిచి మూసినట్టుండేది. చివరికి ఇరవై రెండేళ్ళ కిందట అప్పటి పాస్టరుగారు బాగా ఆలోచించి మట్టల పని అప్పగించారు. అందులో పాడుచేయడానికి ఏమీ ఉండదని ఆయన ధైర్యం కాబోలు.

నిజం చెప్పాలంటే ఆ పని ఆయన పాడుచేయలేదు. మా భట్టిప్రోలు పక్క కాలువ గట్టు మీద ఈత చెట్లు ఉండేవి. శనివారం పొద్దున్నే కత్తి తీసుకుని వెళ్ళేవారు. నడిమి లేత మొవ్వు జోలికి పోకుండా చుట్టూ ఉన్న మట్టలే కోసి, ఒక్కొక్క మట్ట మొదట్లో ముళ్ళన్నీ చెక్కేసి, చేత్తో తడిమి చూసుకునేవారు. పిల్లలకు గుచ్చుకోకూడదని. తరవాత పదేసి చొప్పున కొబ్బరి తాడుతో కట్టలు కట్టేవారు. ఇంట్లో కూరగాయలు తరగమంటే నడుం నొప్పి వచ్చే మనిషికి ఆ రోజు ఏ నొప్పీ ఉండదు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో సంఘ కమిటీ మీటింగులో ప్రతాప్ లేచాడు. ప్రతాప్ కమిటీ సెక్రటరీ, కుర్రవాడు, తెనాలిలో సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తాడు. ప్లాస్టిక్ మట్టలు వస్తున్నాయనీ, ఒకసారి కొంటే కడుక్కుంటూ పదేళ్ళు వాడుకోవచ్చనీ ఫోనులో బొమ్మ చూపించాడు. పెద్దలు అటూ ఇటూ తేల్చలేక, ఈసారికి సామ్యేలు గారు తెస్తే సరే, తేలేకపోతే వచ్చే ఏటి నుంచి ప్లాస్టిక్కే అన్నారు. మా ఆయన ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికారు తప్ప తినలేదు.

"పోతే పోయింది లెండి, ముళ్ళు చెక్కే బాధ తప్పుద్ది" అన్నాను.

"అదొక్కటేగా ప్రేమా నాకున్నది" అన్నారు. ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు పాఠాలు చెప్పిన నేను, ఆయన కంచంలో ఇంకాస్త పెరుగు మాత్రం వేయగలిగాను.

గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు, మట్టల ఆదివారం ముందు శనివారం గట్టు మీదకు వెళ్ళేసరికి చెట్లు లేవు. కాలువ పనుల కోసం నాలుగు రోజుల కిందటే గట్టంతా చదును చేశారట. బాపట్లలో ఉన్న మా ఆడపడుచుకు ఫోను చేస్తే, చెట్లున్నాయి గానీ ఇప్పటికిప్పుడు కోసేవాళ్ళు దొరకరంది. ఆయన ఉన్న పళంగా బస్సెక్కి దారి పొడుగునా కిటికీలోంచి చెట్ల కోసం చూసుకుంటూ రేపల్లె దాకా వెళ్ళిపోయారు. మధ్యాహ్నం అలిసిపోయి, నేను కట్టిచ్చిన పులిహోర తిందామని అక్కడో చిన్న పార్కులోకి వెళ్ళారు.

పార్కు మధ్య గడ్డి మీద ఈత మట్టలు ఉన్నాయి. ఇంకా పచ్చగానే, రెండు మూడు వందలకు తక్కువ లేవు. గుండ్రంగా మనిషెత్తున పేర్చి ఉన్నాయి. ముళ్ళు చెక్కేసి ఉన్నాయి. పైగా కొబ్బరి తాడుతో కట్టలు కట్టి ఉన్నాయి. ఇరవై రెండేళ్ళుగా ఆ తాడుతోనే కట్టలు కట్టిన మనిషి వాటిని చూసి ఏమనుకుంటారు? ఎవరో తన కోసమే సిద్ధం చేసి పెట్టారనుకున్నారు. పులిహోర మరిచిపోయారు.

మా ఆయన మరీ అంత అన్యాయపు మనిషి కాదు, అడిగారు. అక్కడి వాచ్‌మన్ పున్నారావు పనిలో చేరి అప్పటికి రెండు రోజులట.

"ఇయ్యి ఎవరివి బాబూ?"

"ఎవరో మేడం గారు తెచ్చి పడేయించారంటండి. రేపు సాయంత్రం పెద్దోళ్ళు వస్తున్నారు, పార్కు అద్దంలా ఉండాలన్నారు. ఈ తుక్కంతా ఎక్కడికి ఊడవాలో తెలీక చస్తన్నానండి."

"నేను తీసుకెళ్ళనా?"

"మీకు పుణ్యం ఉంటది అన్నయ్యగారూ! నేనూ ఒక చెయ్యేస్తా."

ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నారట. ఇద్దరూ కలిసి గంటన్నరలో అంతా విప్పి, ట్రాలీ ఆటోలోకి ఎక్కించారు. గడ్డి మీద బోర్లా పడున్న చెక్క బోర్డు ఒకటి కనబడితే, దాన్ని కూడా శుభ్రంగా తుడిచి గోడకు ఆనించి వచ్చారట, బోర్లాగానే.

ఆటో మా వీధిలోకి వచ్చినప్పుడు ఆయన మట్టల మీద కూర్చుని ఉన్నారు. పెళ్ళినాడు కూడా అంత దర్జాగా కూర్చోలేదు. ఎక్కడివండీ అంటే, దేవుడిచ్చాడు అన్నారు. దేవుడు కొబ్బరి తాడుతో కట్టి ఇస్తాడా అని నాకు అనుమానం వచ్చింది గానీ, ఆ మొహం చూసి నోరు మూసుకున్నాను. గట్టిగా అడగాల్సింది, అడగలేదు. తప్పులో నా వాటా అది.

ఆదివారం ఊరేగింపు ఏ ఏడూ జరగనంత బాగా జరిగింది. మనిషికి రెండు మట్టలు వచ్చాయి. ప్రతాపే స్వయంగా వచ్చి, "అదరగొట్టారు బాబాయ్" అని చెయ్యి కలిపాడు. మా ఆయన మామూలుగా నడవడం మానేసి తేలుతున్నారు. లోపల వాక్యం మొదలయ్యేసరికి పిల్లలు ఆకులు చీల్చి సిలువలూ పాములూ ఊదుకునే పీకలూ అల్లేస్తున్నారు. నా పక్కన కూర్చున్న హెలెనమ్మ, ఎనభై ఏళ్ళ మనిషి, తన రెండు మట్టల ఆకులూ దూసి చీపురు కట్టడం మొదలుపెట్టింది.

అప్పుడు నా ఫోను వణికింది. గుడిలో ఫోను చూడకూడదు, చూశాను. రేపల్లెలో డిగ్రీ చదివే మా తమ్ముడి కూతురు బిందు రెండు ఫొటోలు పెట్టింది. మొదటి దానిలో ఈత మట్టలతో కట్టిన పెద్ద పక్షిగూడు, మధ్యలో పిల్లలు కూర్చుని నవ్వుతున్నారు. రెండో దానిలో బోడి గడ్డి. కింద ఇలా రాసింది: "అత్తా, మా డ్రాయింగు మేడం సాయి సుధగారు గురువారం దాకా పది రోజులు కష్టపడి కట్టారు. ఇవాళ సాయంత్రం ప్రారంభం. ఎవరో దొంగ వెధవలు ఎత్తుకెళ్ళారు. మేడం పొద్దుట్నుంచి ఏడుస్తున్నారు."

మగవాళ్ళ వైపు కూర్చున్న ఆయనకు సైగ చేసి బయటికి పిలిచి ఫోను చూపించాను. ఆయన మొదటి ఫొటోను చాలాసేపు చూశారు.

"గూడంటావా ఇది?" అన్నారు. "నేను కట్టలనుకున్నానే."

"గట్టిగా అనకండి. ఎవరికీ తెలీదు. అందరూ వెళ్ళాక మిగిలినవి ఏరుకుని మనిద్దరం పోయి ఆ అమ్మాయి చేతులు పట్టుకుందాం. ఇక్కడ చెప్పారంటే ఉన్న ఒక్క పనీ పోద్ది. ఆ ప్రతాప్ మొహం చూశారుగా."

ఆయన తలూపారు. ఒప్పుకున్నారనుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి అంత సులువుగా తలూపితే అనుమానించాల్సింది.

ప్రకటనల సమయం రాగానే ఆయన లేచి నిలబడ్డారు. కిక్కిరిసిన బస్సులో వెనక సీటు దాకా వినబడే ఆ గొంతుతో, "అయ్యగారూ, ఒక్క నిమిషం" అన్నారు. "మీ చేతుల్లో ఉన్న మట్టలు మనవి కాదండి. రేపల్లె పార్కులో ఒక ఆడపిల్ల గూడు కట్టుకుంటే, నేను తెలీక విప్పుకొచ్చాను. తప్పు నాదే. ఎవరూ ఇళ్ళకి తీసుకెళ్ళొద్దు, దయచేసి ఇచ్చెయ్యండి."

ఆకులు అల్లుతున్న పిల్లలు కూడా ఆపేశారు. నాకు కోపం వచ్చింది, సిగ్గేసింది, భయమేసింది. అన్నిటి కిందా ఎక్కడో ఈయన నా మొగుడు అని గర్వంగా కూడా ఉంది. ఆ మాట ఆయనతో ఇంకా అనలేదు, అంటే ఇంట్లో మనిషిని పట్టలేం.

ప్రతాప్ లేచాడు. అయిపోయింది అనుకున్నాను. వాడు గడియారం చూసి, "రేపల్లె పాసింజరుకి ఇంకా ముప్పావుగంట ఉందండి" అన్నాడు.

పాస్టరు ప్రభుదాస్ గారు ఆశీర్వాదం ఎప్పటికన్నా వేగంగా చెప్పేశారు. పదకొండు గంటలకు మొదలైన మా రెండో ఊరేగింపు ఈసారి స్టేషన్ వైపు నడిచింది. అరవై మందిమి, మట్టలతో సహా రైల్లో రెండు పెట్టెలు నింపేశాం. ఏం పండుగండీ అని అడిగినవాళ్ళకు హెలెనమ్మ, "దొంగసొత్తు తిరిగిచ్చే పండగయ్యా" అని ఓపికగా చెప్పింది.

పార్కులో సాయి సుధ పాతికేళ్ళ పిల్ల, చీరాల నేత కుటుంబం అమ్మాయి. బోడి గడ్డి పక్కన అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన బిందు. కాస్త దూరంలో పున్నారావు నేల చూస్తూ నిలబడ్డాడు. గేటులోంచి ఒక అడవి నడిచి వస్తున్నట్టు మేం లోపలికి వచ్చేసరికి ఆ పిల్ల లేచి నిలబడింది.

మా ఆయన ముందుకు వెళ్ళి, "అమ్మా, ఆ దొంగని నేనే" అన్నారు. జరిగిందంతా చెప్పారు. వాచ్‌మన్ మీదకు ఒక్క మాట కూడా తోయలేదు.

ఆమె అంతా విని, చాలా నెమ్మదిగా అడిగింది. "తీసుకెళ్ళినందుకు కాదు బాబాయిగారూ. పది రోజులు కట్టాను. మీకది నిజంగా చెత్తలాగా కనపడిందా?"

"అయ్యో, చెత్త అని ఎవరన్నారమ్మా! ప్రతి మట్టకీ ముళ్ళు తీశావు. నేను తడిమి చూశాను, ఒక్కటీ మిగల్లేదు. ఎవరో గానీ పిల్లల్ని తలుచుకుంటూ కోశారనుకున్నాను. చెత్తయితే గుడికి తెస్తానా తల్లీ?"

ఆమె మొహం అటు తిప్పుకుంది. అలాగే చున్నీ నడుముకు బిగించి, "అయిదింటికి జనం వస్తారు. తాడెక్కడ?" అంది.

ఆ తరవాత నేను చూసిన పని ఏ బళ్ళోనూ చూడలేదు. విప్పిన వరుస మా ఆయనకు గుర్తుంది, కట్టిన వరుస ఆమెకు గుర్తుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, పైది ముందా కిందది ముందా అని అత్తాకోడళ్ళలా వాదించుకుంటూ కట్టుకొచ్చారు. పాస్టరుగారు మట్టలు అందించారు. పున్నారావు ఎవరూ చెప్పకుండానే కొలాయి నుంచి నీళ్ళు మోసుకొచ్చి చల్లాడు. చీల్చిన ఆకుల సంగతేంటని పిల్లలు బిక్కమొహాలు వేస్తే, సాయి సుధ వాళ్ళ సిలువలూ పాములూ పీకలూ అన్నీ తీసుకుని గూటి లోపలి అంచుల్లో గుచ్చింది. హెలెనమ్మ చీపురు ఇవ్వనని కాసేపు బెట్టు చేసింది. ఆఖరికి అదీ గూట్లోకి చేరింది.

నాలుగున్నరకు చివరి ముడులు పడుతున్నాయి. ప్రతాప్ తాడు కొస పళ్ళతో పట్టుకుని ముడి బిగిస్తున్నాడు.

"వచ్చే ఏడాది మీకింత తిరుగుడు ఎందుకు బాబాయిగారూ" అంది సాయి సుధ. "మా తాతగారి పొలం గట్టున ఈత చెట్లున్నాయి. నేనే కోయించి మీ గుడికి పంపిస్తాను."

మా ఆయన చేతులు ఆగిపోయాయి. "వద్దమ్మా. చెట్లు చూపించు చాలు. కోసి తెచ్చే పని నాది" అన్నారు ఠక్కున. అన్నాక కమిటీ మాట గుర్తొచ్చింది కాబోలు, ప్రతాప్ వైపు చూసి గొంతు తగ్గించారు. "అదే... ఇప్పటిదాకా నాదే."

ప్రతాప్ నోట్లోంచి తాడు తీసి, "బాబాయిదేనండి" అని ఆమెతో చెప్పి, మళ్ళీ తాడు కరుచుకుని లాగాడు.

నేను గబగబా గూటి వెనక్కి వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఏమైందత్తా అని బిందు వెంటపడితే, ఈతాకు గుచ్చుకుందని చెప్పాను.