మూడు పోగుల నవల

ఆ రోజుల్లో సినిమా అంటే కూర్చున్న చోట మొదలై కూర్చున్న చోటే అయిపోయేది. ఏడ్చేవాళ్లం ఏడ్చి, ముక్కు చీదుకుని, చివర్లో అందరూ ఒకచోట చేరితే చూసి లేచి వచ్చేవాళ్లం. కథను సగంలో ఆపి మనుషుల్ని ఇంటికి పంపించవచ్చునన్న సంగతి మణుగూరులో మా మిషన్ హాస్టల్ వంటింటికి రెండువేల సంవత్సరం దాటిన తర్వాతే తెలిసింది. అప్పటికి నాకు పాతికేళ్లు దాటాయి గానీ అక్షరాలు మాత్రం అప్పుడే దిద్దుతున్నాను. మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక, హాస్టల్ పిల్లలకు చదువు చెప్పే టీచరమ్మ నన్నూ, నాతోపాటు కూరగాయలు తరిగే చిట్టక్కనూ కూర్చోబెట్టి పలక మీద రాయించేది. (హాస్టల్ పిల్లలు కిటికీలోంచి తొంగిచూసి "ఆంటీ, కొమ్ము మర్చిపోయినవ్" అని అరిచేవాళ్లు. అలా అరిచిన వాళ్ల కంచంలో ఆ పూట పప్పు కొంచెం పల్చగా పడేది.)

వంటింటికి పెద్దదిక్కు పెద్దమ్మ. వరసకు ఎవరికీ పెద్దమ్మ కాదు, అందుకే అందరికీ పెద్దమ్మే. ఆమెకు అక్షరం ముక్క రాదు. నేర్చుకోమంటే "నాకెందుకే, నా పేరు దేవునికి తెలుసు" అనేది. సినిమా అంటే మాత్రం ప్రాణం. ఆదివారం ఏసు గుడి నుంచి వచ్చి అన్నాలు అయ్యాక, బజారులో సీడీలు కిరాయికిచ్చే కుర్రాడు, మా అందరికీ తమ్ముడే, హాస్టల్ హాల్లో టీవీకి ప్లేయరు తగిలించేవాడు. అలా ఒక ఆదివారం ఎవరో చిన్న కంపెనీవాళ్లు తీసిన వీడియో సినిమా తెచ్చాడు. అందులో నీలవేణి అనే అమ్మాయి గోదావరి వరదలో చెల్లెలి చెయ్యి పట్టుకుని పడవ ఎక్కుతుంది. పడవ ఒరుగుతుంది. చెల్లెలి చెయ్యి జారిపోతుంది. నీలవేణి గట్టిగా కేక పెడుతుంది. అంతే, తెర మీద ఏవో అక్షరాలు వచ్చి నిలబడ్డాయి. "మొదటి భాగం సమాప్తం" అని ఒక పిల్ల చదివి చెప్పింది.

పెద్దమ్మ లేచి నిలబడింది. "ఏందీ? అన్నం వడ్డించి, కూర వచ్చే నెల పెడ్తమంటే తినేటోళ్లు ఊకుంటరా? తమ్మీ, నీ డబ్బాల ఇంకేమన్న మిగిలిందేమో చూడు."

"మొత్తం మూడు భాగాలంట పెద్దమ్మా. రెండోది వస్తనే తెస్త."

రెండోది వానలు పడ్డాక వచ్చింది. నీలవేణి ఏళ్ల తరబడి అడవిలో గూడెం తర్వాత గూడెం తిరిగి, చివరికి ఒక గుడిసె ముందు ఆగుతుంది. లోపల ఎవరో చిన్నప్పుడు వాళ్లమ్మ పాడిన పాట పాడుతుంటారు. నీలవేణి తలుపు మీద చెయ్యి వేస్తుంది. మళ్లీ అక్షరాలు! ఈసారి హాల్లో పిల్లలంతా గోల చేశారు గానీ పెద్దమ్మ అరవలేదు. అరిచే ఊపిరి లేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూ కూర్చుంది.

ఆ దగ్గు తగ్గలేదు. ఊపిరితిత్తిలో గడ్డ ఉందని, ఇక చేసేదేమీ లేదని దవాఖానాలో డాక్టరు టీచరమ్మకు చెప్పాడు. టీచరమ్మ మాకు చెప్పింది. పెద్దమ్మకు ఎవరమూ చెప్పలేదు, ఆమెకు చెప్పాల్సిన అవసరమూ రాలేదు. వంటింటి పక్క గదిలో మంచం వేశాం. తమ్ముడు సైకిల్ మీద అటు పోతూ కనబడితే చాలు, కిటికీలోంచి పిలిచేది. "తమ్మీ, మూడోది ఏమాయె? నేను పోయినంక తెచ్చి నా సమాధి మీద ఏస్తవా?"

"గట్లనకు పెద్దమ్మా, వస్తది" అని వాడు తల వంచుకుని పోయేవాడు. ఆ తలుపు అవతల ఎవరున్నారో తెలుసుకుని పోవాలని తప్ప పెద్దమ్మ మమ్మల్ని ఇంకేమీ అడగలేదు.

అది చూడలేక టీచరమ్మ ఖమ్మం వెళ్లినప్పుడు వెతికి ఒక పుస్తకం తెచ్చింది. "పెద్దమ్మా, ఆ సినిమా ఈ నవలదే. ఒక్క పుస్తకాన్నే మూడు సినిమాలుగ తీస్తున్నరు."

పెద్దమ్మ పుస్తకాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది. "గింతేనా? మూడు సిన్మాలు గిందులనే ఉన్నయా? అంటే తలుపు ఎనక ఎవరున్నరో ఎప్పుడో రాసేసిండ్రా? అయిపోయిన ముచ్చటను మనకు వాయిదాల మీద చూపిస్తున్నరా దొంగసచ్చినోళ్లు!"

టీచరమ్మ పిల్లల దగ్గరికి వెళ్లి తిరిగొచ్చేసరికి పుస్తకం మూడు ముక్కలై చాట మీద ఉంది. మా వంటింట్లో ఏదైనా పంచాలంటే అదే పద్ధతి. పండగనాడు మాంసం మిగిలితే పెద్దమ్మ సమానంగా పోగులు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చునేది. వెనక ఒకరు ఒక్కో పోగు మీద వేలుపెట్టి "ఇది ఎవరికి?" అంటే, చూడకుండా ఒక పేరు చెప్పేది. ఇక దాని మీద ఎవరూ నోరెత్తకూడదు. సినిమాలు మూడు, చదివేవాళ్లం ముగ్గురం, కాబట్టి పుస్తకం మూడు పోగులు కావాలని ఆమె లెక్క. మందం చూసి ఇక్కడ, ఇక్కడ అని చూపిస్తే చిట్టక్కా నేనూ కత్తిపీట మీద కోశాం. (సొరకాయ కన్నా తేలిగ్గా తెగింది. అట్ట దగ్గరే కొంచెం మొండికేసింది.)

"అయ్యో, పుస్తకాన్ని కోస్తరా ఎవరన్న!" టీచరమ్మ నెత్తి పట్టుకుంది.

"సిన్మావోళ్లు కోస్తే ఏమనకపోతివి, మేం కోస్తే తప్పొచ్చెనా?" అని పెద్దమ్మ మంచం మీదే గోడవైపు తిరిగింది. "ఊ, ఏలు పెట్టు."

మొదటి పోగు టీచరమ్మకు వచ్చింది, నడిమిది చిట్టక్కకు. చివరిది, తలుపు ఉన్నది, ముగ్గురిలోకీ చదువు తక్కువైన నాకు పడింది. మార్చుకుందామని టీచరమ్మ ఎంత బతిమాలినా పెద్దమ్మ ఒప్పుకోలేదు.

టీచరమ్మ తన పోగును గుక్క తిప్పుకోకుండా చదివేసింది. నీలవేణి తెల్లచీర కట్టిందని వచ్చినప్పుడు మాత్రం పెద్దమ్మ అడ్డం పడింది. "ఎర్రచీర కద! మనం కండ్లార చూడలే? రాసినాయన సరిగ్గ చూసినట్టు లేడు." చిట్టక్క పోగు మరో రకం. నోరు తిరగని మాట వస్తే "ఏదో" అని దాటేసేది. నీలవేణి ఏదో చెట్టు కింద ఏదో అయి, ఏదో గుర్తొచ్చి ఏడ్చింది. "ఏమై ఏడ్చిందే?" అంటే "ఏదో అయింది పెద్దమ్మా, బాధ అయితే నిజమే" అనేది. నవ్వితే దగ్గు వస్తుందని తెలిసి కూడా పెద్దమ్మ నవ్వేది.

తర్వాత నా వంతు. వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయి మళ్లీ వెనక్కి వెళ్లేదాన్ని. మందం చూసి కోశాం కదా, తలుపు రావడానికి ముందే బోలెడంత దారి నా పోగులోకి వచ్చిపడింది. నీలవేణి నడుస్తూనే ఉంది. "అగో, ఆ పిల్ల కాళ్లు నొయ్యవాయె, నా చెవులు నొయ్యబట్టె. ఆ గుడిసె కాడికి ఎన్నడు పోతమే?" అని పెద్దమ్మ వెక్కిరించేది. రోజుకొక పేజీ. ఆమె మధ్యలోనే కళ్లు మూసుకోవడం మొదలయ్యాక అర పేజీ. నాకు భయం పట్టుకుంది. ఒకరోజు టీచరమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. "పెద్దమ్మా, టీచరమ్మ చదువుతది. ఇయ్యాల మొత్తం అయిపోతది."

పెద్దమ్మ మా ఇద్దరినీ చూసింది. "ఆమె చదివితే అయిపోతది. నువ్వు చదివితే ఇంక ఉంటది" అంది. "నువ్వే చదువు."

టీచరమ్మ బయటికి వెళ్లిపోయింది. నేను కళ్లు తుడుచుకుని, ఎక్కడ ఆపానో వెతుక్కున్నాను.

ఒక సాయంత్రం నీలవేణి తలుపు తట్టింది. తలుపు తెరుచుకుంది. ఒక ఆడమనిషి గడపలో నిలబడి "ఎవరు కావాలి?" అని అడిగింది. పెద్దమ్మ చెయ్యెత్తింది. "ఆగు. ఆ పిల్లను జర నిలవడనీ. ఎంత దూరం నడిసొచ్చిందో." ఆగాను. తెల్లవారి మేం పొయ్యి ముట్టించకముందే పెద్దమ్మ వెళ్లిపోయింది.

పెద్దమ్మ పేరున ప్రార్థన చేసిన ఆదరణ కూడిక అయ్యాక, మిగిలింది చదివి చెప్పమని చిట్టక్క అడిగింది. నాకు మనసు రాలేదు. చదువు మాత్రం ఆగలేదు. ఎండాకాలానికల్లా పేపరు చదివే దాకా వచ్చాను. అప్పుడొచ్చింది మూడో భాగం. హాలు నిండా పిల్లలు. తెర మీద తలుపు తెరుచుకుంది. ఒక ఆడమనిషి గడపలో నిలబడి నోరు తెరవబోయింది.

"ఆపు తమ్మీ!" అని అరిచాను.

"ఏమైందక్కా?"

"నా పోగుల నేనింకా ఆడ దాటలే."

వాడికి అర్థం కాలేదు. చిట్టక్క లేచి "ఆపమన్నది కద, ఆపురాదు" అని కసిరింది. ఆ ఆడమనిషి సగం తెరిచిన నోటితో అలాగే నిలబడిపోయింది. నేను నా పోగు తీసుకుని వంటింటి పక్క గదిలోకి వెళ్లి, పరుపు లేని నులక మంచం ముందు కూర్చుని, మిగిలిందంతా పైకి చదివాను. గడపలో ఉన్నది చెల్లెలే. అక్కను గుర్తుపట్టలేదు. ఎవరో బాటసారి అనుకుని కాళ్లకు నీళ్లిచ్చి, అన్నం పెట్టింది. నీలవేణి తిన్నది. అక్కడితో పుస్తకం అయిపోయింది.

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అంతమంది పిల్లల్ని ఆగిపోయిన బొమ్మ ముందు కూర్చోబెట్టి, ఎవరూ లేని మంచానికి నవల వినిపించిన ఆ మనిషిని ఎవరైనా చూస్తే ఏమనుకునేవారో! పొద్దు వాలే దాకా పిల్లలు అలాగే ఉన్నారు, ఒక్కరూ గోల చెయ్యలేదట. నిజానికి అంతసేపు పట్టాల్సిన చదువు కాదు. అప్పటికి నాకు గబగబా చదవడం వచ్చు. అయినా ఆ రోజు వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కునే చదివాను.