ఒడిలో విన్న రాగం

వనపర్తిలో మా సెల్‌ఫోన్ దుకాణం పక్కన ఒక డీజే ఉండేవాడు. ఏ పాటైనా స్పీకర్ డబ్బా పక్కకు చెవి ఆనించి వినేవాడు. ఎందుకలా అని అడిగితే ఒకసారి చెప్పాడు. చిన్నప్పుడు తల్లి కూలికి పోతూ అతన్నీ ముంబై తీసుకుపోయేదట. బస్సులో ఆమె ఒడిలో చెవి పెట్టి పడుకుంటే, ఇంజన్ మోత అడుగున ఆమె కూనిరాగం ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వినపడేదట.

"గట్లనే ఉండాలె అన్నా, నా మిక్స్. దరువు లేకుంట, నిద్రల ఇన్నట్టు."

ఆమె రాగాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకుని, ఏడాదిపాటు దానితోనే ఆ మిక్స్ కడుతూ కూర్చున్నాడు. "మొత్తం అయినంక అమ్మకు ఇనిపిస్త" అనేవాడు. అది పూర్తయ్యేలోపే ఆమె పోయింది.

శవయాత్రలో ఆ మిక్సే పెట్టాడు. పాడె వీధి దాటకముందే మేనమామ అరిచాడు.

"ఏందిరా ఇది? మీ అమ్మను సాగనంపుతున్నమా, జోకొడుతున్నమా? తీన్మార్ ఎయ్!"

వేశాడు. శ్మశానం దాకా అందరూ ఎగిరారు, ఘనంగా సాగనంపామని పొంగిపోయారు. తాను ఆపించింది సొంత అక్క గొంతునేనని ఆ మేనమామకే తెలియలేదు.

నిరుడు ఒక పెళ్లి బరాత్‌లో కనిపించాడు. చెవుల్లో దూది కుక్కుకుని తీన్మార్ వేస్తున్నాడు.