పాటిదిబ్బ మీద చూడి ఆవు

దెయ్యాల్ని నేను నమ్మను. పలాసలో అద్దె చవకని, దెయ్యాల కొంపగా పేరుపడ్డ ఇంట్లోనే ఏళ్ల తరబడి కాపురం చేశాను. ఆ దెయ్యమే దోమలకు తాళలేక ఖాళీ చేసిపోయింది. అలాంటి నాకు ఈ వేసవి నుంచి మనసు కుదురుగా ఉండటం లేదు.

అక్కుపల్లి దగ్గర మా అక్కా బావల జీడితోట చివర ఒక పాటిదిబ్బ ఉంది. ఏనాడో రైతులు వదిలేసిపోయిన ఊరు. ఎందుకు పోయారో ఎవరికీ తెలియదు. ఎక్కడ తవ్వినా గోడల పునాదులు, కుండ పెంకులు, అరిగిపోయిన తిరగలి రాళ్లు. పాత ఊరి మన్ను మంచి ఎరువని బావ కొబ్బరి మొక్కలకు తవ్వుకుపోతుంటాడు. ఈ వేసవి నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు తవ్వితే అడుగున అద్దంలా నున్నటి గట్టి నేల బయటపడింది. నడిమధ్య మోకాలెత్తు రాతి గుంజ. ఉత్తినే దొరికిన గుంజ కదా అని బావ దానికి ఆవును కట్టాడు.

ఆ ఆవంత బద్ధకపు జీవి జిల్లాలో లేదు. ఈగ వాలితే తోక ఊపాలా వద్దా అని మధ్యాహ్నం దాకా ఆలోచిస్తుంది. పైగా నిండు చూడి. కిందటి ఈతలో దూడ దక్కలేదని అక్క దీన్ని కళ్లలో పెట్టుకుని చూసుకుంటోంది.

మేం టిఫిన్ చేసి వెళ్లేసరికి ఆవు గుంజ చుట్టూ తిరుగుతోంది. పలుపు ఊడి నేల మీద పడి ఉంది. అయినా తిరుగుతోంది. నోట నురగ, ఎగిసిపడే డొక్కలు. కొమ్ములు పట్టుకున్న బావను గడ్డిపరకలా ఈడ్చుకుపోయింది. నేను అడ్డంగా నిలబడ్డాను. నా ఆకారం చూసి టెక్కలి రోడ్డు మీద లారీలు ఆగుతాయి. ఆవు ఆగలేదు.

"ఏటి సేత్తన్నారు ఇద్దరూ? దూడ పోతాదిరా తమ్ముడూ," అంది అక్క.

బావ మాత్రం నేలకేసి చూస్తున్నాడు. "గుంజకి ఎంత దూరంగా తిరుగుతందో సూడు బావా. మజ్జిలో మూడు గొడ్లకి సోటొగ్గీసింది."

చిన్నప్పుడు నూర్పులకు పశువుల్ని తోలినవాడు బావ. కళ్లంలో మెడలు కలిపి, వరసగా గుంజకు కట్టి, వరి పనల మీద తిప్పేవారు. ఈ నున్నటి నేల ఆ పాత ఊరి కళ్లమే. మా ఆవు ఆ వరసలో చివరి చోట నడుస్తోంది.

"మరి మిగతాయేవి?" అన్నాను.

"నాకేటి తెలుసు. ముందు దీన్ని ఇప్పనీ."

బావ ఆవు పక్కనే నడుస్తూ, దాని మెడకూ పక్కనున్న గాలికీ మధ్య చేతులు పెట్టాడు. లేని ముడి విప్పుతున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ ముడి ఎంతకీ రాక అతని గోళ్లు తెల్లబడటం చూశాక ఆ నవ్వు పోయింది. చివరికి ముడి వీడి చేతులు విడివడగానే ఆవు ఆగింది. నెమ్మదిగా వచ్చి అక్క భుజం మీద మూతి ఆనించింది.

తర్వాత సుఖంగానే ఈనింది. పెయ్యదూడ. పురుగేదో కుట్టి ఉంటుందన్నాడు పశువుల డాక్టరు. సరేనన్నాను. పురుగు కుడితే ఆవు తిరగొచ్చు. గాల్లో ముడి ఎలా పడుతుందో ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేను.

గోతిని పూడ్చేస్తుంటే బావను అడిగాను, చేతికి నిజంగా ఏమైనా తగిలిందా అని.

"తాడు తగిలింది. వెచ్చగా ఉంది," అన్నాడు. ఇంకో పార మట్టి ఎత్తి గుంజ మీద పోశాడు. "మనదాన్ని ఇప్పుకొచ్చీసినాం. మిగతాయి కట్టే ఉండిపోనాయి బావా."