కేప్ మే మేడలో వెనక మెట్లు

నాకు పాత మేడలంటే మంట. బురుజుల్లాంటి గదులు, మూడు రంగుల గోడలు, వరండా అంచున లేసులా కోసిన చెక్కపని చూసి జనం ‘అబ్బ’ అంటుంటే, ఇదంతా ఎవరు తుడిచేవాళ్లని అడగాలనిపిస్తుంది. అడుగుతాను కూడా. అందుకే న్యూజెర్సీ దక్షిణపు కొసన, సముద్రం ఒడ్డున ఉన్న కేప్ మే వైపు ఇన్నేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు. ఈ జూన్‌లో వెళ్లానంటే కారణం మా అమ్మాయి కీర్తన. కాలేజీలో చరిత్ర చదువుతోంది, వేసవికి అక్కడ ఒక విక్టోరియన్ ఇంటి మ్యూజియంలో గైడ్‌గా చేరింది. టూర్‌లో ముందుగదులే కాకుండా పనివాళ్ల మెట్లు, చాకిరేవు గది కూడా చూపిద్దామని మూడు వారాలు మేనేజర్ వెంటపడింది. చివరికి ఒక్క శనివారం చేసి చూపించమన్నారు. మేనేజర్ కూడా వెంట నడుస్తుంది, ఆవిడకు నచ్చితే ఆ టూర్ ఉంటుంది, లేకపోతే లేదు.

“నువ్వు రావాలి నాన్నా. బట్ వన్ కండిషన్. నోరు తెరవద్దు. నువ్వు ఆర్గ్యూ చేస్తే నా టూర్ గాన్!” అంది ఫోన్‌లో. తన మూడో తరగతి థాంక్స్‌గివింగ్ పండగ నాటకంలో చరిత్ర తప్పని నేను స్కూల్ మీటింగ్‌లో నలభై నిమిషాలు మాట్లాడిన సంగతి పిల్ల ఇంకా మరచిపోలేదు. ఒప్పుకున్నాను.

జెర్సీ సిటీలో ఉదయం ఆరున్నరకు బయల్దేరాను. కాసేపు టర్న్‌పైక్ హైవే, ఆ తరవాత గార్డెన్ స్టేట్ పార్క్‌వే. ఇక దారి వెతుక్కునే పని లేదు, ఆ రోడ్డు అయిపోయినచోటే ఊరు మొదలవుతుంది. నాకు రెండున్నర గంటలు పట్టింది. ఎనిమిది దాటాక కదిలితే బీచ్ జనంలో ఇరుక్కుని నాలుగు గంటలైనా ఆశ్చర్యం లేదు. కారు లేనివాళ్లకు న్యూయార్క్ నుంచి బస్సు ఉంది కానీ సగం రోజు దానికే పోతుంది. బీచ్ దగ్గరి పార్కింగ్ మీటర్లు త్వరగా నిండిపోతాయి. నాలుగు వీధులు లోపలికి వెళ్తే చోటు దొరుకుతుంది, పైగా ఆ నడకలోనే సగం ఇళ్లు చూసేస్తారు.

టూర్ పదిన్నరకు. ఈలోగా ఒక చిన్న హోటల్లో కూర్చున్నాను. కౌంటర్ వెనక డెబ్బై ఏళ్ల నల్లజాతి ఆవిడ గుడ్లు వేయిస్తోంది. “ఇళ్లు చూడ్డానికొచ్చావా, పిట్టల్ని చూడ్డానికా?” అని అడిగింది. ఈ ఊరికి వచ్చేవాళ్లు ఆ రెండు రకాలేనట. మా అమ్మాయి ఇళ్లు చూపిస్తుందని చెప్పాను.

“అయితే ఇది కూడా చెప్పమను,” అంది పెనం మీంచి కళ్లు తీయకుండా. “ఈ మేడలు కూల్చేస్తామంటే ఊరంతా కొట్లాడి నిలబెట్టింది. ఆ రోజుల్లోనే మావాళ్లుండే వీధులు కూల్చారు. వాటికోసం ఎవరూ కొట్లాడలేదు.”

నాకు రక్తం మరిగింది. ఉపన్యాసం మొదలుపెట్టబోతుంటే ఆవిడే కాఫీ నింపి, “ముందు తిను, చల్లారిపోతుంది. కోపం కాదు నాయనా, సరిగ్గా చెప్పేవాళ్లు కావాలి,” అంది. ఆ టిఫిన్ పన్నెండు డాలర్లు. ఆ మాటకు బిల్లు లేదు.

టూర్‌లో తొమ్మిది మందిమి. చివర్న నోట్‌బుక్ పట్టుకుని మేనేజర్ డయాన్. కీర్తన మొదట్లో కాస్త తడబడినా తరవాత నిలదొక్కుకుంది. ఫిలడెల్ఫియా ధనవంతులు వేసవి విడిదికి ఇక్కడికి వచ్చేవారని, పందొమ్మిదో శతాబ్దం చివర్లో పెద్ద అగ్నిప్రమాదంలో ఊళ్లో చాలా భాగం తగలబడితే మళ్లీ చెక్కతోనే, ఇంకా సోకుగా కట్టుకున్నారని చెప్పింది. పియానో గది, రంగుటద్దాల కిటికీ, మేడమీద సింహపు పాదాల స్నానపు తొట్టి. అందరూ ఫొటోలు తీసుకున్నారు. నేను బుద్ధిమంతుడిలా చేతులు కట్టుకుని నడిచాను.

వెనక తలుపు తీసి, “ఇప్పుడు ఈ ఇల్లు నడిపినవాళ్ల దారిలో దిగుదాం,” అంది కీర్తన. నీలం టోపీ పెట్టుకున్న పెద్దాయన ఆగిపోయాడు. “మేం ఇల్లు చూడ్డానికి వచ్చాం, రాజకీయాలు వినడానికి కాదు.”

నా నాలుక మీదికి ఏడు వాక్యాలు ఒకేసారి వచ్చాయి. కీర్తన నావైపు ఒక్క చూపు చూసింది. జేబులో ఉన్న పిప్పరమెంటు నోట్లో వేసుకుని దవడ బిగించాను.

“సర్, ఇందాక మీరు తొట్టిని ఫొటో తీశారు కదా,” అంది ఆమె నవ్వుతూ. “దాన్లోకి వేడినీళ్లు ఈ మెట్ల మీదే వచ్చేవి. ఒక్కసారి దిగి చూడండి. మీ మోకాళ్లే చెబుతాయి.”

ఆయన దిగాడు. నిటారుగా, మలుపు తిరుగుతూ, అడుగు పూర్తిగా ఆనని మెట్లు. సగంలో గోడ పట్టుకుని, “రెండు చేతుల్లో బకెట్లతోనా?” అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. పనివాళ్ల శ్రమ గురించి ఇరవై ఏళ్లుగా పత్రికల్లో వ్యాసాలు రాసి నేను ఒక్క మనిషిచేత కూడా ఆ మాట అనిపించలేకపోయాను.

చాకిరేవు గదిలో బల్ల మీద మూత ఉన్న ఇనప ఇస్త్రీ పెట్టె ఉంది. తెల్ల గ్లవ్స్ వేసుకుని కీర్తన దాన్ని ఎత్తింది. పక్కనున్న వివరాల కార్డు చూసి, “దీన్లో మరిగిన నీళ్లు పోసి బట్టలు నొక్కేవారు,” అని చెప్పింది.

తప్పు. పిప్పరమెంటు అయిపోయింది. నోరు మూసుకుంటే నా కూతురు తప్పు చెప్పినట్టే మిగులుతుంది. తెరిస్తే మేనేజర్ ముందు పరువు తీసినవాణ్ణవుతాను. బళ్లో పిల్లాడిలా చెయ్యెత్తాను.

“నాన్నా... ప్లీజ్.”

“ఆర్గ్యుమెంట్ కాదమ్మా. అందులో పోసేది నీళ్లు కాదు, బొగ్గులు. ఆ పక్కనున్న కంతలు గాలి కోసం.”

“నీకెలా తెలుసు?”

“మీ నానమ్మ చేసిన పని అదే. బతుకంతా.”

నానమ్మ ‘చిన్న వ్యాపారం’ చేసేదని మాత్రమే ఇంట్లో చెప్పాను నేను. శ్రమ గౌరవం మీద ఊరందరికీ పాఠాలు చెప్పినవాణ్ణి, ఇది మాత్రం దాచాను. కీర్తన డయాన్ వైపు తిరిగి, “ఈయన మా నాన్న. కార్డు తప్పట. నేను చెప్పిందీ తప్పే. ఆయన చూపిస్తారు,” అని గ్లవ్స్ తీసి నాకిచ్చింది.

చూపించాను. నిప్పులు తెల్లబారేదాకా ఆగడం, పెట్టెను ఉయ్యాలలా ఊపి గాలి ఆడించడం, తడివేలు తాకించి చుయ్యిమనే చప్పుడు వినడం, బట్ట మీద నీళ్లు చిలకరించడం. చేతులకు అన్నీ గుర్తున్నాయి. మా అమ్మ కుడి భుజం ఎడమదానికంటే ఎందుకు కిందికి ఉండేదో చెప్పాను. నీలం టోపీ ఆయన తనకూ ఇమ్మని ఎత్తి చూసి, రెండో చెయ్యి కూడా పట్టి దించాడు.

బయట వరండాలో డయాన్ నోట్‌బుక్ మూసింది. “కార్డు సోమవారం మారుస్తాం. వచ్చే శనివారం నుంచి టూర్ వెనక తలుపు దగ్గరే మొదలుపెట్టు, కీర్తనా.” తరవాత నావైపు చూసి, “మీరు చాలా తక్కువ మాట్లాడతారే!” అంది. మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక స్తంభం వెనక్కి వెళ్లింది.

తిరుగు ప్రయాణంలో ఒకటే అనుకున్నాను. ఈ మేడలు నిలబడాలని కొట్లాడినవాళ్లకు నేను రుణపడి ఉన్నాను. ఈ మాట నా చేత్తో రాస్తానని అనుకోలేదు. ముందుగదులు కూలి ఉంటే వెనక మెట్లూ పోయేవి, ఆ పెట్టె ఏ పాత ఇనప కొట్టుకో చేరేది, నేను దాచిన మాట నాతోనే పోయేది. కూలిన వీధుల మీద కోపం మాత్రం తగ్గలేదు, తగ్గనివ్వను కూడా. కానీ నోరు మూసుకున్న గంటన్నరలో మా అమ్మాయి నాకు మా అమ్మను తిరిగి ఇచ్చింది. ఇంటికి చేరగానే ఫోన్. “నాన్నా, నానమ్మ ఫుల్ స్టోరీ చెప్పు. ఈసారి నేను నోరు తెరవను.”

వెళ్లేవాళ్లకు నా సలహా: శనివారం ఉదయం టూరే బుక్ చేసుకోండి, అరికాలు జారని బూట్లు వేసుకోండి. చాకిరేవు గదికి రాగానే గ్లవ్స్ అడిగి ఆ పెట్టెను ఒక్కసారి ఎత్తండి. ఒంటిచేత్తో.