షూటింగులో పార్వతమ్మ

జహీరాబాదు చుట్టుపక్కల కరెంటు మోటారు కాలిపోతే రైతులు మొదట వెతుక్కునేది మహాదేవప్పనే. రాగితీగ చుట్టడంలో అతని చేతికి తొందరా లేదు, పొరపాటూ లేదు. అయితే రోజూ పొద్దున దుకాణానికి వచ్చేముందు చేసే పనొకటి మాత్రం అతను ఎవరికీ చెప్పుకునేవాడు కాదు. భార్యను ఇంట్లో ఉంచి బయట గొళ్లెం పెట్టి వచ్చేవాడు.

పార్వతమ్మది బీదర్ పక్క పల్లె. పెళ్లయిన నాలుగేళ్లూ ఆమె జొన్నరొట్టెలు కొట్టే చప్పుడు వీధి చివరిదాకా వినిపించేది. ఐదో ఏట, ఫలానా కారణమని లేకుండానే, మాట తగ్గిపోయింది. పొయ్యి ముందు కూర్చుంటే కూర్చున్నట్టే ఉండేది. ఒకనాడు బొంబాయి రోడ్డు మధ్యకు నడిచిపోతే లారీవాడు బెత్తెడు దూరంలో ఆపాడు. గొళ్లెం అప్పటినుంచే. తాయెత్తులు కట్టించారు, దర్గాకు తిప్పారు. అక్క సావిత్రమ్మ మాత్రం ఒకటే పాట. "తల్లిగారింటికి తోలు తమ్మీ. నీకేం వయసైందని?" మహాదేవప్ప ఆ మాటకు జవాబిచ్చేవాడు కాదు. నిజానికి భార్యతోనూ మాట్లాడటం మానేశాడు. ఏం మాట్లాడాలో తెలియలేదు.

1981 చలికాలంలో పట్నం నుంచి పదిమంది చిరాగ్‌పల్లికి వచ్చి, ఒక పాత ఇల్లు తీసుకుని, సొంత డబ్బులతో చిన్న సినిమా తీయసాగారు. వాళ్ల జనరేటర్ మొరాయిస్తే మహాదేవప్పకు కబురొచ్చింది. బాగుచేశాక డైరెక్టర్ చంద్రశేఖర్ ఇంకో ఐదు రోజులు ఉండమన్నాడు. అంత దూరం నుంచి నడుమ వచ్చి చూసే వీల్లేదు. అన్ని రోజులు భార్యను పొద్దంతా లోపల పెట్టడానికి మనసొప్పక, సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు.

ఆ సినిమా కథ మతి చెదిరిన ఒక భార్యదని అతనికి రెండోరోజుగాని తెలియలేదు. తెలిశాక పార్వతమ్మను లేపి తీసుకుపోదామనుకున్నాడు. ఆమె కూర్చున్న గోనెసంచి మీంచి కదల్లేదు.

ఆ భార్య వేషం వేసిన వసుధ అనే అమ్మాయి జుట్టు విరబోసుకుని, కుండలు పగలగొట్టి, గొంతు చించుకుని అరిచింది. అందరూ బాగుందన్నారు.

"గట్ల ఉండది," అన్నది పార్వతమ్మ. మూడు వారాల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

మహాదేవప్ప పరుగున వచ్చాడు. "సార్, ఆమెకు జర పానం మంచిగ లేదు. పట్టించుకోకున్రి."

"పానం మంచిగ లేదు గనుకనే నాకెరుక," అన్నదామె.

చంద్రశేఖర్ ఆమె ఎదుట నేలమీద కూర్చున్నాడు. "ఎట్లుంటదో మాకు చెప్పమ్మా."

పార్వతమ్మ లేచి, వసుధ దగ్గరున్న చెంబు తీసుకుని గడపలో నిలబడింది. "చేతుల చెంబు ఉంటది. ఏడ పెట్టాలెనో సమజ్ కాది. ఆయన పిలుస్తడు. ఇనబడుతది. ఊ అందామంటే ఆ ఊ ఏడనో బాయిల ఉన్నట్టుంటది, తోడుకునే బలం ఉండది. గంతలనే గొళ్లెం పడ్డ సప్పుడు. ఇగ ఎవలకు ఊ అనాలె?"

ఆమె మొగుడి వైపు చూడలేదు. మహాదేవప్ప జనరేటర్ దగ్గరికి పోయి, తుడిచిన చోటే మళ్లీ తుడుస్తూ నిలబడ్డాడు.

వసుధ మళ్లీ చేసింది. అరవలేదు, చెంబు పట్టుకుని ఊరికే నిలబడింది. ఈసారి ఎవరూ బాగుందని అనలేదు. చంద్రశేఖర్ కెమెరా ఆపమనడం మరిచిపోయాడు.

సాయంత్రం ఇంటికి వస్తూ మహాదేవప్ప సైకిల్ ఎక్కలేదు, పక్కన నడిపించుకుంటూ వచ్చాడు.

"ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే."

చాలాదూరం నడిచాక, "నువ్వు రోడ్డు మీదికి పోయిన కాడికెల్లి నాకు మస్తు భయమైంది, పార్వతీ," అన్నాడు.

"నాకు గూడ," అన్నదామె.

షూటింగు ముగిశాక ఆమెను రోజూ తనతోపాటు దుకాణానికే తీసుకుపోయాడు. మోటారులో తీగల కింద పెట్టే గట్టి కాగితాన్ని కొలిచి కత్తిరించడం ఆమె పనైంది. సావిత్రమ్మ అక్కడికీ వచ్చి అదే పాట అందుకుంది. "అక్కా, ఆమె ఈడనే ఉంటది. ఆ ముచ్చట మల్ల తేకు," అన్నాడు మహాదేవప్ప, చేతిలో పని ఆపకుండానే.

వసుధ పట్నంలో ఒక డాక్టర్ పేరు రాసిచ్చి వెళ్లింది. నెలనెలా బస్సెక్కి పోయేవాళ్లు. మొదట్లో మాత్రలకు చేతులు వణికాయి, పొద్దంతా నిద్రే. రెండుసార్లు డాక్టర్ మందు మార్చాడు. ఆరు నెలలకు నెమ్మదిగా మాట తిరిగొచ్చింది. పూర్తిగా నయమైందని ఎవరూ అనలేదు. ఏడాదికోసారి మళ్లీ మూగబోయేది. ఆ రోజుల్లో అతను దుకాణం మూసి, జవాబు రాకపోయినా ఏదో ఒకటి అడుగుతూ పక్కనే కూర్చునేవాడు.

1984లో ఒక ఆదివారం పట్నంలో ఆ సినిమా వేస్తున్నారని చంద్రశేఖర్ కార్డు రాశాడు. ఇద్దరూ వెళ్లారు. హాల్లో సగం కుర్చీలు ఖాళీ.

"ఎట్లుంది?" బయటికొచ్చాక అడిగాడు.

"పిల్ల మంచిగ చేసింది. మొగనికే మాటలెక్కువ."

"నాకంటెనా?"

"నీకు తక్కువ. జర పెంచుకో."

మహాదేవప్పకు నవ్వొచ్చింది. వచ్చేటప్పుడు బస్సులో అతను, పటాన్‌చెరు దాటింది మొదలు సదాశివపేట దాకా, కోహీరు రైతు ఒకాయన ఒకే మోటారును మూడుసార్లు ఎలా కాల్చుకున్నాడో చెబుతూనే ఉన్నాడు. పార్వతమ్మ పల్లీలు వలిచి అతని చేతిలో పెడుతూ, "మూడోసారి ఎట్ల కాలింది?" అని అడిగింది.