ముక్కు లేని నెమళ్ళు

డిగ్రీలో తెలుగు సాహిత్యం చదివే రోజులవి. ధర్మవరంలో మా మగ్గం పక్కనే కూర్చుని యుగాలు, ఛందస్సు, అలంకారాలు బట్టీ పట్టేదాన్ని. ఒకనాడు కథల పుస్తకంలో గుర్తుగా, కింద పడున్న చిల్లుల అట్ట ఒకటి పెట్టుకున్నాను. నాయన మళ్ళీ వరసగా కుట్టాలని విప్పిన చీర డిజైను అట్టల్లో అదొకటని నాకు తట్టలేదు.

మర్నాడు, ఆ అట్ట చిల్లులతో పడాల్సిన వరస తప్పిపోయి, చీర అంచులో ఒక్క నెమలికీ ముక్కు రాలేదు. అట్ట కోసం ఇల్లంతా వెతుకుతున్న నాయన ముందు పుస్తకం తెరిచి అట్ట తీసిచ్చాను. ఆయన తిట్టలేదు. నేసిన మూరెడూ ఊడదీయడానికి కూర్చుంటూ, "ఆ కథేందో చదువు పాపా, వింటా విప్పుకుంటా" అన్నాడు.

సగం చదివి లేచాను. "పరీక్షలుండాయి నాయనా, మిగతాది అయినాంక చెప్తాలే."

"మర్చిపోవద్దు మళ్ళా."

మర్చిపోయాను. నాయన పోయి ఆరేళ్ళు. మగ్గం అమ్మేసిన రోజు ఒక అట్ట తెచ్చుకుని, ఆనాడు ఆపిన చోటే పెట్టుకున్నాను. ఇప్పుడు పెనుకొండలో పిల్లలకు ఆ పుస్తకంలోంచే ఆ కథ పాఠం చెబుతున్నాను. అట్ట పెట్టిన చోటు దాటాక మాత్రం, గది బయట ఎవరికో వినిపించాలన్నట్టు నా గొంతు పెద్దదవుతుంది.