చెంపకు ఆనించిన చెయ్యి

నా చిన్నప్పుడు వేలూరులో మా మేనమామకు ఒక ఫోటో స్టూడియో ఉండేది. మేము గుడియాత్తంలో లుంగీలు నేసేవాళ్లం. ఎనిమిదో తరగతి అయిన ఎండాకాలం సెలవుల్లో ఫోటోలు తీయడం నేర్చుకుంటానని నేను పట్టుబట్టాను. మా నాన్న వారం రోజులు ససేమిరా అన్నాడు. చివరికి ఒక షరతు పెట్టాడు. సెలవులు అయ్యేలోపు మామయ్య తన షోకేసులో పెట్టదగ్గ ఫోటో ఒక్కటి తీస్తే, శనివారాలు నన్ను వేలూరుకు పంపుతాడు. లేకపోతే ఆ మాట మళ్లీ ఎత్తకుండా రాట్నం ముందు కూర్చుని మగ్గానికి కండెలు చుట్టాలి.

మామయ్య కెమెరా ఇస్తాడనుకుని సంబరంగా వెళ్లాను. ఆయన ఒక నోటుబుక్కు ఇచ్చాడు. రోజూ బజారుకు వెళ్లి మిగతా స్టూడియోల షోకేసుల్లో మనుషుల ఫోటోలు చూసి, కనిపించింది రాసుకుని రావాలట. వేలూరు ఎండ గురించి నేను చెప్పక్కర్లేదు. ఆ ఎండలో మూడు వారాలు తిరిగాను. వెలుగు ఏ వైపు నుంచి పడింది, తల ఎంత వంచారు, వెనక తెర ముదురుగా ఉందా లేతగా ఉందా అని పేజీలకు పేజీలు రాసి తెచ్చేదాన్ని. ఆయన అంతా చదివి, "ఇంగా చూడు" అని పుస్తకం తిరిగి ఇచ్చేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. కెమెరా పట్టుకోనివ్వకుండా ఫోటోలు నేర్పే మనిషిని ఎక్కడైనా చూశామా అని రాత్రిళ్లు అత్తయ్య దగ్గర గొణిగేదాన్ని.

ఆ తిరుగుడులో ఒక ఫోటో మాత్రం నన్ను పట్టేసింది. మార్కెట్టు వెనక సందులో ఒక ముసలాయన స్టూడియో ఉండేది. దాని షోకేసులో ఒకామె అరచేతిని చెంపకు ఆనించి, తల కాస్త వంచి, ఎటో చూస్తూ కూర్చుని ఉంది. ఆ కళ్లలో ఏదో బాధ. ఆ బాధ ఏమిటో తెలియక నేను రోజూ వెళ్లి నిలబడేదాన్ని. తీస్తే ఇలాంటి ఫోటోనే తీయాలని గట్టిగా అనుకున్నాను.

నాలుగో వారంలో మామయ్య పన్నెండు ఫోటోలు పట్టే రీలు వేసి ఒక పాత కెమెరా చేతికిచ్చాడు. నేను నేరుగా గుడియాత్తం బస్సెక్కి మా అవ్వ దగ్గరికి వెళ్లాను. అవ్వ అంటే మా అమ్మకూ ఈ మామయ్యకూ తల్లి. రాట్నం వదిలి వేలూరుకు రానని మా ఇంట్లోనే ఉండేది. ఫోటోకు కూర్చుంటే ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం. కొడుకే ఫోటోలు తీసేవాడైనా, ఆయన ఎన్నిసార్లు బతిమాలినా కూర్చోలేదు. నేను ఫోటోలు నేర్చుకోవడం ఈ ఒక్క ఫోటో మీదే ఆధారపడి ఉందని ఏడిస్తే, నా కోసం ఒప్పుకుంది.

పెరట్లో తెల్ల పంచె తెరగా కట్టాను. అవ్వకు పౌడరు రాశాను. స్టూలు మీద కూర్చోబెట్టి, అరచేయి చెంపకు ఆనించి, తల వంచి, అటు చూడమన్నాను. యాభై ఏళ్లుగా దారం చుట్టిన చెయ్యి అది, ఊరికే ఉండటం దానికి తెలియదు. రెండు నిమిషాలకే జారిపోయేది. నేను మళ్లీ ఎత్తి పెట్టేదాన్ని.

"నేను ఎప్పుడన్నా ఈ మాదిరి కూర్చుంటినా పాపా?" అని అడిగింది అవ్వ.

కదలొద్దని కసురుకున్నాను. పన్నెండూ అలాగే తీశాను.

మామయ్య రీలు కడిగి, ఫోటోలు వేసి, క్లిప్పులతో తీగకు తగిలించాడు. ఒక్కొక్కటీ వంగి చూశాడు.

"లైటు బాగుండాది. ఫోకస్సు బాగుండాది," అన్నాడు. "మా యమ్మ యాడుండాది ఇందులో?"

నాకు ఏడుపు వచ్చింది. ఆ సందులోని ఫోటోలో ఉన్నవన్నీ ఇందులోనూ ఉన్నాయని వాదించాను. ఆయన కోప్పడలేదు. ఆ ఫోటో ఎట్లా తీశారో ఆ ముసలాయన్నే అడిగి రమ్మని పంపాడు.

ముసలాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ నవ్వాడు. "అదా? మా ఇంటామె అమ్మా. ఆ పొద్దు ఆమెకు పంటినొప్పి. దవడ వాచిపొయ్యుండె. ఆసుపత్రికి పోతా పోతా ఒగ నిమిషం కూర్చోమంటే తిట్టుకుంటా కూర్చున్నాది. తీసేస్తిని. అప్పటినుంచీ ఈ ఊర్లో ఫోటోకు వచ్చినోళ్లంతా చెయ్యి చెంపకు పెట్టుకుంటా ఉండారు."

నోట్లో ఒక్క పన్ను కూడా లేని మా అవ్వ చేత పరాయి ఆమె పంటినొప్పి పట్టించాను. అదీ పన్నెండుసార్లు. తిరిగి వచ్చి మామయ్య మీద విరుచుకుపడ్డాను. ముందే తెలుసా అని అడిగితే తెలుసన్నాడు. చెప్పి ఉండొచ్చు కదా అన్నాను.

"చెప్తే ఇంగొగ ఫోటో చూసి, ఇంగొగరి మాదిరి కూర్చోబెట్టుంటావు," అన్నాడు. "ఆయన ఆమెను చూసినాడు. నువ్వు ఆయన ఫోటోను చూస్తివి."

షోకేసుకు నా ఫోటో ఎక్కలేదు. అయినా మామయ్యే మా నాన్నతో మాట్లాడి శనివారాలు నన్ను పంపేలా ఒప్పించాడు. కే.వి.కుప్పం మీదుగా వేలూరు పోయే బస్సులో కూర్చున్నప్పుడల్లా నేను ఒకటే అనుకునేదాన్ని, అవ్వను మళ్లీ తీయాలని. ఈసారి స్టూలూ పౌడరూ వద్దు, రాట్నం దగ్గరే తీస్తాను. కానీ అవ్వ వినలేదు. "నీకోసం పన్నెండు తూర్లు కూర్చుంటిని గదా పాపా, ఇంగ చాలు," అంది. మెల్లగా ఒప్పించుకోవచ్చులే అని ఊరుకున్నాను. బడి తెరిచిన రెండు నెలలకే, ఆడి మాసంలో, మూడు రోజుల జ్వరంతో అవ్వ పోయింది.

గోడకు పెట్టడానికి ఆ పన్నెండు తప్ప ఇంకో ఫోటో లేదు. మామయ్య చెయ్యి కనబడకుండా కత్తిరించి, ముఖం ఒక్కటే పెద్దది చేసి చూశాడు. లాభం లేకపోయింది. ఆ వంచిన మెడ, ఆ చూపు నేను పెట్టించినవి. చివరికి ఉన్నది ఉన్నట్టే పటం కట్టించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

తర్వాత నలభై ఏళ్లు నేను ఫోటోలు తీశాను. ఇప్పుడు కాలేజీలో ఫోటోగ్రఫీ చదివే పిల్లలు ఫోన్లో ఎవరెవరివో ఫోటోలు తెచ్చి, ఇలాగే తీయాలమ్మా అని చూపిస్తుంటే చిరాకు ఆపుకోలేను. చూడండి, ఎన్నయినా చూడండి, కానీ ఆ తీసినాయన ఆ మనిషిని ఎంతకాలం చూశాడో అది అడగండి అంటాను. పెద్దావిడ చాదస్తం అనుకుంటారు. నేనూ ఆ వయసులో అంతేగా.

మా ఇంటికొచ్చిన వాళ్లు గోడ మీద అవ్వను చూసి ఎంత చక్కగా వచ్చిందో అంటారు. నేను తల ఊపుతాను. నా బాధ వాళ్లకు చెప్పుకునేది కాదు. మా అవ్వ ముఖం గుర్తు తెచ్చుకోవాలంటే నేను ఆ గోడ వైపు చూడకూడదు. కళ్లు మూసుకుని, కాసేపు ఓపిగ్గా కూర్చోవాలి. అప్పటికీ అన్ని రోజులూ రాదు.